పదో బోదె

గార్ట్‌నక్లా ఊళ్ళో ఎవరి చేనైనా గేటు దగ్గర్నుంచే లెక్క. తాతల నాటి నుంచీ అంతే. రెవరెండు దొర తరఫున దశమభాగం తీసుకోవడానికి వచ్చేవాడు గేటు తీసుకుని లోపలికి వస్తాడు, ఒకటీ రెండూ అనుకుంటూ దుంపల బోదెలు దాటుతూ నడుస్తాడు, పదోదాని మీద ఒక పచ్చి కొమ్మ గుచ్చుతాడు. ఇరవయ్యోది ఉంటే దానిమీద ఇంకోటి. కొమ్మ గుచ్చిన బోదె ఇక మనది కాదు. ఆ దొర మతం వేరు, మన మతం వేరు. ఆయన గుడిలో మనవాళ్ళెవరూ పెళ్ళి చేసుకోరు, బిడ్డల తలమీద నీళ్ళు పోయించుకోరు, చచ్చినా ఆయన చేత ప్రార్థన చెప్పించుకోరు. ఆదివారం ఆ గుడికి వెళ్ళేది ఆయన భార్యా, గంట కొట్టేవాడూ, ఇద్దరు పోలీసులూ. ఆ నలుగురికీ దేవుడి మాట వినిపించడానికి ఊరంతా పదో వంతు పంట ఇచ్చుకోవాలి.

అందుకని ఆడవాళ్ళకి ఒక అలవాటు పడింది. మార్చిలో సముద్రం ఒడ్డు నుంచి నాచు గంపలకెత్తి వీపున మోసుకొచ్చి బోదెలకి ఎరువుగా పరిచేటప్పుడు, పదోదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కాస్త బిగబడుతుంది. దీన్ని ఎవరూ దొంగతనం అనుకోరు. నాచు మనం మోసింది, వీపు మనది.

గోబ్నిట్ మాత్రం చెయ్యి బిగబట్టి ఊరుకోలేదు, అసలు వెయ్యనే లేదు. ఆమె మొగుడు టైగ్ కౌలు డబ్బు కోసం లిమరిక్ వైపు ఎవరి చేలల్లోనో పార పనికి పోయాడు. ఒక్క మనిషే నాచంతా మోసింది. ఇరవైనాలుగు బోదెల్లో పదోదానికీ ఇరవయ్యోదానికీ పరక నాచు కూడా వెయ్యకుండా, ఆ రెండు బోదెల వంతు పక్కవాటికి సర్దింది. చేసిన తప్పల్లా అదే.

అక్టోబరులో ఆ సోమవారం పొద్దున, దశమభాగం లెక్కకి వచ్చే సిల్వెస్టర్ టూమీ గేటు దగ్గరికి రాలేదు. కింద వాగు దాటి, బూట్లు తడవకుండా రాళ్ళ మీద అడుగులేసుకుంటూ, చేను అడుగు వైపు నుంచి ఎక్కాడు. చంకలో పుస్తకం, చేతిలో రెండు కొమ్మలు. గోబ్నిట్ పార పక్కన పెట్టి నిలబడింది.

"గేటు అటుంది టూమీ."

"ఎక్కడుందో నాకు తెలుసమ్మా. నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను." వాగు ఒడ్డు బోదె మీద బూటు పెట్టాడు. "ఒకటి."

"అదేం లెక్క! లెక్క పైనుంచి కదా?"

"ఏ కాయితంలో రాసుంది? రెండు. మూడు."

ఆమె పరుగున వెళ్ళి అతని దారికి అడ్డంగా నిలబడింది. టూమీకి కోపం రాలేదు. చిరునవ్వు నవ్వాడు, అదే ఆమెకి ఇంకా మంటెత్తించింది.

"జూలైలో నీ చేను చూసి వెళ్ళానమ్మా. మొక్కలన్నీ మోకాలెత్తున ఉన్నాయి. రెండు బోదెలు మాత్రం కామెర్లు పట్టినట్టు పసుప్పచ్చగా ఉన్నాయి. ఏవా అని చూస్తే సరిగ్గా పదోది, సరిగ్గా ఇరవయ్యోది. నీ చేనుకి లెక్కలు నేర్పిందెవరు? నువ్వా, మీ మామా?"

గోబ్నిట్ పని దొంగకి తేలు కుట్టినట్టయింది. గట్టిగా అరిస్తే తప్పు ఒప్పుకున్నట్టు, ఊరుకుంటే చేను పోయినట్టు. టూమీ ఆమె పక్కనుంచి తప్పుకుని ముందుకు నడిచాడు. కింద నుంచి పదోది, అంటే పైనుంచి పదిహేనోది, చేనంతట్లోకీ బలమైన బోదె. దాని మీద కొమ్మ గుచ్చాడు. ఇంకా పైకి వెళ్ళి, పైనుంచి ఐదోదాని మీద రెండో కొమ్మ గుచ్చాడు. దాని నాచు గోబ్నిట్ వర్షంలో తడుస్తూ మోసింది.

గడపలో కూర్చున్న మామ కార్మాక్‌కి కళ్ళు సరిగా కనపడవు గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. కర్ర నేలకేసి కొట్టాడు.

"ఒరే సిల్వెస్టర్! మనం కౌలు కట్టే దొరగారికి కొండ కింద ఆరువందల ఎకరాల బీడుందిరా. ఎద్దులు మేసి మేసి కదల్లేక పడుకుంటున్నాయి. అక్కడ పదో గడ్డిపరక పీకావా ఎప్పుడైనా?"

"మేత భూమికి దశమభాగం లేదు పెద్దయ్యా. చట్టం అలా ఉంది."

"అవునవును. గడ్డి మేపుకునేవాడికి లేదు, గడ్డలు తినేవాడికి ఉంది. మంచి చట్టం! రాసినవాడి పళ్ళు రాలిపోను!"

టూమీ పుస్తకంలో ఏదో రాసుకుని ఈసారి గేటు నుంచే బయటికి వెళ్ళాడు. పోతూ పోతూ, మూడు రోజుల్లో తవ్వించుకుంటాననీ, ఈలోగా ఆ రెండు బోదెల మీద పార పడిందంటే జైలేననీ చెప్పాడు.

పక్క చేనులోంచి నెల్ డ్రిస్కల్ గట్టెక్కి వచ్చింది. "కాస్తయినా చల్లి ఉండాల్సింది ఒదినా, కళ్ళు కప్పడానికి. మేమంతా కొంచెం వేస్తాం. నీది మరీ చోద్యం."

"నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నాను నెల్."

నిజమే. మంచివి రెండు పోయాయి, మిగిలినవాటిలో రెండు ఎందుకూ పనికిరానివి. రెండు పోతాయనుకున్న మనిషికి నాలుగు పోయాయి. ఆ నాలుగంటే జూలై నెల. పాత దుంపలు అయిపోయి కొత్తవి ఇంకా ఊరని ఆ నెలలో నిరుడు చిన్నకూతురు కీటీ, గోబ్నిట్ పక్కనే నడుస్తూ నడుస్తూ కూలబడిపోయింది. దురదగొండాకు ఉడకబెట్టి పెడితే కక్కుకుంది. అప్పుడే గోబ్నిట్ ఒట్టు పెట్టుకుంది, వచ్చే జూలైకి ఇంట్లో దుంప లేకుండా ఉండకూడదని. ఆ ఒట్టు కోసమే అంత నాచు మోసింది.

మంగళవారమంతా టూమీ తవ్వేవాళ్ళ కోసం తిరిగాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు తిరిగాడు. ఒకడికి నడుం పట్టేసింది, ఇంకొకడి పార విరిగింది, మూడోవాడు ఆ రోజే మేనత్త చచ్చిపోయిందన్నాడు. ఆ మేనత్త పక్క గదిలోంచి దగ్గుతూనే ఉంది. చివరికి బుధవారం పొద్దున టూమీ భుజాన పార వేసుకుని తనే వచ్చాడు. కోటు విప్పి మడిచి గట్టుమీద పెట్టి, చొక్కా చేతులు మడిచి దిగాడు.

తవ్వడం వచ్చినవాడే. పార అంచు బోదె పక్కన దించి, మడమతో ఒక్క తొక్కు తొక్కి, పెళ్ళ తిరగేసి, ఒక్క దుంప కూడా తెగకుండా బయటికి తీస్తున్నాడు. తొమ్మిదయ్యేసరికి ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి గట్టుమీద కూర్చున్నారు. ఆడవాళ్ళు అల్లికలు తెచ్చుకున్నారు. మగవాళ్ళు పొగాకు పైపులు వెలిగించారు. ఎవరూ తిట్టలేదు, రాయి విసరలేదు. ఆ ఊళ్ళో పనిచేస్తున్న మనిషి కనపడితే పరాయివాడైనా సరే, "దేవుడు నీ పని చల్లగా చూడాలి" అనకుండా ఎవరూ దాటిపోరు. ఆ మాట అననివాడి చూపు తగులుతుందని భయం. ఆ రోజు గట్టుమీద పాతిక మంది కూర్చున్నారు, ఒక్కరూ ఆ మాట అనలేదు. టూమీ మధ్యమధ్య నడుం నిలిపి వాళ్ళ వైపు చూశాడు. అల్లిక సూదుల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఆ వరసలో చివర, అందరికీ కాస్త ఎడంగా, అతని తల్లి పెగ్ కూర్చుని ఉంది. సందు చివరి గుడిసెలో ఒంటరిగా ఉంటుంది ముసలమ్మ. కొడుకు ఈ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అతని పెంకుటింటి గడప తొక్కలేదు, అతను పంపిన టీ పొట్లాం విప్పలేదు. ఆమె కూడా నోరు విప్పలేదు. మేజోడు అల్లుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నానికి టూమీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. గుమ్మం వైపు తిరిగి, "గోబ్నిట్, గుక్కెడు నీళ్ళిస్తావా?" అన్నాడు.

దాహమన్నవాడికి లేదనే ఆచారం లేదు అక్కడ. గోబ్నిట్ ముంత నింపి తెచ్చింది. చేతికివ్వలేదు, గట్టు రాయి మీద పెట్టి వెనక్కి వచ్చేసింది. అతను తాగి, ముంత అక్కడే పెట్టాడు. ఆమె ఆ ముంతని వాగు దాకా తీసుకెళ్ళి ఇసుకతో మూడుసార్లు తోమింది. ఇంత కసి తనలో ఉందని ఆమెకే తెలియదు.

సాయంత్రానికి గేటు పక్కన నడుమెత్తు పోగు తయారైంది. ఒక్కో దుంప పిడికిలంత, పలచటి తోలు. టూమీ గడ్డి కప్పి పైన కొమ్మ గుచ్చాడు. కానీ మోసుకుపోవడానికి బండి కావాలి కదా. మన చుట్టుపక్కల ఏ బండి చూసినా ఇరుసు విరిగే ఉంది, ఏ గుర్రం చూసినా కుంటుతూనే ఉంది. పట్నం నుంచి తెచ్చుకోవాల్సిందే. అంటే శుక్రవారం దాకా ఆ పోగు గోబ్నిట్ చేలోనే, ఆమె కళ్ళెదురుగానే ఉండాలి.

గురువారం పొద్దున గోబ్నిట్ వాగు నుంచి నీళ్ళు తెస్తుంటే కీటీ పోగు దగ్గర కూర్చుని కనపడింది. గడ్డి పక్కకి తోసి, ఒక దుంప తీసుకుని గౌనుకి తుడుచుకుంటోంది. గోబ్నిట్ బిందె దించేసి పరుగెత్తింది. పిల్ల చెంప మీద ఫెడీమని కొట్టింది. దుంప లాక్కుని పోగు మీదికి విసిరేసింది.

పిల్ల వెంటనే ఏడవలేదు. బుగ్గ పట్టుకుని తల్లిని చూసింది. "మన చేనే కదమ్మా?" అంది.

గోబ్నిట్‌కి ఒళ్ళంతా భగ్గుమంది. తను నాటిన దుంప, తను మోసిన నాచు, తను కన్న పిల్ల. ఎవడో చెట్టుకొమ్మ గుచ్చాడని తన చేత్తో తన పిల్లని కొట్టుకుంది! పిల్లని ఎత్తుకుని గుండెకి అదుముకుని లోపలికి తీసుకెళ్ళింది. గడపలో కూర్చున్న మామ అంతా విన్నాడు.

తర్వాత పందికి మేత పెట్టే వేళయింది. గోబ్నిట్ తన వాటా దుంపల్లోంచి ఒక తట్టెడు తీసింది. పంది అంటే ఇంట్లో పిల్లల కన్నా ముందు తినే జీవి. నవంబరు సంతలో అమ్మితే అదే కౌలు. కౌలు కట్టే పెద్దమనిషి అని దానికి ఊళ్ళో పేరు. పిల్లలకి మూడేసి దుంపలు లెక్కపెట్టి వడ్డించే రోజుల్లో కూడా ఆ పెద్దమనిషికి తట్టెడు పడాల్సిందే. గోబ్నిట్ తట్ట నడుముకి ఆనించుకుని దొడ్డి తలుపు దగ్గర నిలబడింది. పంది గుర్రుమంది. ఆమె తట్టలోకి చూసింది, గేటు పక్క పోగు వైపు చూసింది.

తట్ట తిరిగి ఇంట్లోకి తీసుకుపోయి దుంపలన్నీ వెనక్కి పోసింది. వచ్చి దొడ్డి గడియ తీసింది. పందిని తోలలేదు, పిలవలేదు. అది ముట్టె ఎత్తి గాలి వాసన చూసి, తిన్నగా గేటు వైపు నడిచింది. గోబ్నిట్ గుమ్మంలో కూర్చుని కీటీకి జడ వెయ్యసాగింది.

కాసేపటికి గట్టు మీంచి నెల్ తలకాయ లేచింది.

"ఒదినా, నీ పంది టూమీ పోగులో పడింది."

"చూశాను."

"తోలవా?"

"నిన్నటి నుంచీ నడుం పట్టేసింది నెల్."

నెల్ ఆమె మొహంలోకి చూసింది, పోగు వైపు చూసింది. గడ్డి అంతా చిందరవందరగా ఎగిరిపోతోంది.

"అయ్యో పాపం. నాకూ పొద్దుట్నుంచి మోకాలు అదోలా ఉంది," అంది నెల్. "మా దొడ్డి గడియ కూడా వదులైపోయినట్టుంది సుమా. చూసొస్తా."

కార్మాక్ గడపలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. పళ్ళు లేని నవ్వు. ఆగలేక దగ్గాడు. "పందికి చట్టం చదవడం రాదమ్మాయ్! మనకొచ్చినట్టు దానికి రాదు!"

మధ్యాహ్నానికి ఊళ్ళో గడియలన్నీ వదులైపోయాయి. పదకొండు ఇళ్ళ పందులూ సందులోంచి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు. రాత్రి ఇంటికి పోయి పడుకుని, మర్నాడు తెల్లారకుండానే మళ్ళీ వచ్చాయి. ఆ రెండు రోజులూ ఊళ్ళో ఒక్క ఇంట్లోనూ పందికి తట్ట పెట్టలేదు.

శుక్రవారం పదకొండు గంటలకి టూమీ పట్నం బండి వేసుకుని వచ్చాడు. పక్కన బండివాడు, ఊరుకాని ఊరివాడు. గేటు దగ్గర బండి ఆగింది. పోగు ఉండాల్సిన చోట బురద, తొక్కిన గడ్డి, కొరికి వదిలేసిన ముక్కలు. మధ్యలో పందులు. టూమీ మొహం ఎర్రగా కందిపోయింది.

"ఎవరివి ఇవి? చెప్పండి! ఒక్కొక్కదాన్నీ పట్టుకెళ్ళి వేలం వేయిస్తాను!"

ఊరంతా మళ్ళీ గట్టుమీదే ఉంది. ఈసారి నెల్ జవాబు చెప్పింది.

"పట్టుకెళ్ళు నాయనా, ఎవరొద్దన్నారు? ఇవన్నీ దొరగారి నవంబరు కౌలు. దార్లో ఏజెంటు గారి బంగళా దగ్గర ఆగి, 'మీ కౌలు నేను తోలుకుపోతున్నానండీ' అని ఒక్క మాట చెప్పి వెళ్ళు. ఆయన కూర్చోబెట్టి టీ ఇస్తాడు."

బండివాడు దగ్గు వంకతో మొహం పక్కకి తిప్పుకున్నాడు. దొరనీ రెవరెండునీ ఇద్దర్నీ ఒకేసారి మెప్పించడం ఎవడివల్ల అవుతుంది? కానీ పాతికమంది ఎదుట ఉత్త చేతులతో వెళ్ళడమూ టూమీకి చేతకాలేదు. పుస్తకం తీశాడు, పెన్సిలు నాలిక మీద తడిపాడు.

"ఒక్కదాని యజమాని పేరు చాలు, అతని మీద కోర్టులో వేస్తాను. ఆ నల్లమచ్చ పెద్దది ఎవరిది?"

ఆ పంది కడుపు నిండి, బురదలో పక్కకి ఒరిగి పడుకుంది.

"అడుగుతుంటే! ఎవరిదది?"

"నాదిరా." పెగ్ అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. "రాసుకో. పెగ్ అని కాదు, పూర్తి పేరు మార్గరెట్ టూమీ అని రాయి. అక్షరాలు బాగానే వస్తాయి కదా నీకు. గుడ్లు అమ్మి బడికి పంపించాను."

టూమీ పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. ఏమీ రాయలేదు. పుస్తకం మూసి, బండివాడితో "పోనియ్" అన్నాడు. బండివాడు, వచ్చినందుకు కూలి మాత్రం పూర్తిగా ఇవ్వాల్సిందేనని గట్టిగా చెప్పాడు. బండి తిరిగి వెళ్ళిపోయింది.

గోబ్నిట్‌కి గెలిచినట్టు అనిపించలేదు. టూమీ నోట్లో మట్టి పడింది, మంచిదే. కానీ తన జూలై మాత్రం పందుల కడుపులోకి పోయింది. రెండు రోజుల పంది మేత మిగిలిందంతే. చీపురు తీసుకుని గేటు దగ్గర బురద ఊడవసాగింది.

పొద్దు వాలుతుండగా నెల్ గంప వీపున మోసుకుంటూ వచ్చింది. అడక్కుండానే ఇంట్లోకి నడిచి, మూల దుంపల కుప్ప మీద దభీమని కుమ్మరించింది.

"ఏంటే ఇది?"

"మా పంది రెండు రోజులు నీ చేలో భోంచేసింది. దాని మేత మా ఇంట్లో మిగిలిపోయింది. ఊరికే తినిపోవడానికి మేమేమన్నా రెవరెండు దొర చుట్టాలమా?"

"నెల్, అవి నా దుంపలు కావే, టూమీవి..."

"టూమీవి మా పంది కడుపులో ఉన్నాయి. ఇవి మా చేలోవి. ఏ కోర్టుకి వెళ్ళినా ఇదే చెప్తా."

ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మరొకామె. పందెంత తిందో అంతా తెచ్చారు, కొందరు దానికన్నా ఎక్కువే తెచ్చారు. కార్మాక్ ఒక్కో గంప చప్పుడుకీ కర్రతో నేల మీద ఒక దెబ్బ కొట్టాడు. కుప్ప పెరిగి గోడ సగం దాకా వచ్చింది. గోబ్నిట్ మొదట వద్దంది, తర్వాత పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. కీటీ కుప్ప మీద కూర్చుంది. ఈసారి ఎవరూ కొట్టలేదు.

అందరికన్నా ఆఖర్న పెగ్ వచ్చింది. గంప నిండుగా ఉంది, మోయలేక గుమ్మంలోనే దించి గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది.

"పెద్దమ్మా, ఇంతెందుకు? నీది ఒక్క పంది, ఒక్క ప్రాణం. నీకేం మిగులుతుంది?"

"నాకు మిగిలినవే ఇవి." ముసలమ్మ గంప లోపలికి నెట్టింది. "నా చేనుకీ వచ్చాడు వాడు, సోమవారమే. గేటు తీసుకుని వచ్చాడు. గేటు వైపు నుంచే లెక్కపెట్టాడు. నాచు వెయ్యని బోదె మీదే కొమ్మ గుచ్చి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. కొడుకు కదా, అమ్మకి మేలు చేశాననుకున్నాడు. నీ పిల్లల నోటి దగ్గర లాక్కున్నవాడు నాకు మిగిల్చిన దుంప నా గొంతు దిగుతుందా? తీసుకో తల్లీ."

గోబ్నిట్ ఇంక వద్దనలేదు. ఆ గంప రెండు చేతులా ఎత్తి కుప్ప మీద పోసి, పెగ్ చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గర ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. దుంపలు ఉడికాయి. నీళ్ళు వంచేసి తట్టలో బల్ల మధ్య పెట్టింది. అందరూ బొటనవేలి గోళ్ళతో తోలు ఒలుచుకుని, ఉప్పు అద్దుకుని, మజ్జిగ ముంత చేతులు మార్చుకుంటూ తిన్నారు. పెగ్ కూడా తింది.

"వచ్చే ఏడు వాడు ఏ వైపు నుంచి లెక్కపెడతాడోనమ్మాయ్," అన్నాడు కార్మాక్.

"ఏ వైపు నుంచైనా పెట్టనీ మామా. వచ్చే మార్చిలో అన్ని బోదెలకీ ఒకేలా వేస్తాను నాచు, పదోదానికి కూడా." గోబ్నిట్ ఒక దుంప ఒలిచి కీటీ చేతిలో పెట్టింది. "తవ్వడం వాడి పని, తవ్వుకోనీ. మోసుకుపోవడమే కదా కష్టం."